మస్తాన్ సాయిబు అడిగిన అప్రస్తుతం

పోయిన మాసంలో ఒక మధ్యాహ్నం, వసారాలోని ఎండ ఇంకా గడప దిగకముందే, మాబున్ని నెల్లూరులోని మా ఇంటికి వచ్చింది. నా చిన్ననాట మా ఊళ్లో కిరసనాయిలు డిపో నడిపిన మస్తాన్ సాయిబు గారి ఆఖరి కూతురు ఆమె. ఇప్పుడు తానే మనుమల నెత్తుకున్న మనిషి. వచ్చినప్పుడల్లా ఎండు రొయ్యల పొట్లం వంటింటి గట్టు మీద పెట్టి, చాప మీద కాళ్లు బారజాపుకొని ఊరి కబుర్లు మొదలుపెట్టడం ఆమె అలవాటు. ఆనాడు పొట్లం చేతిలోనే ఉంది. మనిషి కుర్చీ అంచున కూర్చుంది.

“అక్కా, నాయుడుపేట అవధానానికి నువ్వే అధ్యక్షురాలివంట గదా. మావాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టొద్దని చెప్పు.”

“ఏ కుర్చీ?”

“మా నాయన కూర్చున్న కుర్చీ.”

అప్రస్తుత ప్రసంగి కుర్చీ అన్నమాట. ఆమె కొడుకు ఖాజా బోగోలు దగ్గర రేవులో వలలు, తాళ్లు అమ్ముతాడు. తాతగారి నుంచి మరేమి సంక్రమించినా సంక్రమించకపోయినా, పద్యం మీది మమకారమూ ఎదుటివాణ్ణి ఇరుకున పెట్టి నవ్వించే నేర్పూ వాడికి సంక్రమించాయి. అవధాని పద్యాల మీద మనసు నిలిపి ఉండగా సంబంధం లేని ప్రశ్నలతో ఆ మనసును చెదరగొట్టవలసిన పని వాడికి అప్పగించడం నాకు సముచితంగానే తోచింది.

“వాడేం అడుగుతాడో నీకు తెలవదా అక్కా? పొద్దున లేస్తే అదే మాట. వాళ్లెవరో వీళ్లెవరి మీదనో బాంబులు వేసేదీ, డీజిలు రేటూ. బోట్లన్నీ ఒడ్డున కట్టేసినారు, వలలు కొనేవాడు లేడు, వాడి కడుపు మంట వాడిది. కాదనను. కానీ సభలో అందరి చేతుల్లో ఫోన్లుండాయి. ముందూ వెనకా కోసి, మధ్యలో మాట ఒక్కటి ఊరి మీదకి వదిలితే వాణ్ణెవరు కాపాడతారు? మా నాయన అడిగిననాడు అడిగిన మాట విన్నారు. ఇప్పుడు ముందు పేరు చూస్తారు, తరవాతే మాట.”

ఆలోచించి చెబుతానన్నాను. ఆమె ఇచ్చి వెళ్లిన పొట్లం విప్పుతూ, చుట్టిన వార్తాపత్రికను అలవాటు కొద్దీ సాపు చేశాను. యుద్ధనౌకల బొమ్మ పైన, ఇంధన ధరల వార్త కింద. రొయ్యల వాసన పట్టిన ఆ కాగితంలో నాకు మరొక వాసన తగిలింది. అది అందులో ఉన్నది కాదు, నాలో ఉన్నది.

మా ఊరు బోగోలుకు తూర్పున, రాత్రి గాలి తిరిగితే సముద్రపు హోరు వినిపించేటంత దూరంలో ఉండేది. మాది సేద్యపు ఇల్లు. అన్నదమ్ములలో మా నాయన ఒక్కరే మడి గట్టు వదిలి పుస్తకం పట్టి, ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులై, చుట్టుపక్కల అవధానిగా పేరు తెచ్చుకున్నారు. దీపాల వేళకు ముందు లాంతరు గాజులు తుడవడం నా పని. పొయ్యిలోని మెత్తని బూడిద గుడ్డకు అద్ది, గాజులోపల చెయ్యి తిప్పి, నోటి ఆవిరి పట్టి మళ్లీ తుడిస్తే అద్దం తళతళలాడేది. ఒత్తి కొసను కత్తెరతో సమంగా కత్తిరించకపోతే మంట ఒక పక్కకు ఒరిగి మళ్లీ మసి పట్టించేది. సరిగ్గా ఆ వేళకు మస్తాన్ సాయిబు గారు డిపో తలుపు మూసి, పట్నం నుంచి బస్సులో వచ్చిన పత్రికను చంకలో పెట్టుకొని మా అరుగు మీదకు వచ్చేవారు. ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా ఆయన చేతుల నుంచి కిరసనాయిలు వాసన పోయేది కాదు. పత్రికకూ అదే వాసన. ఈనాటికీ లోకవార్త అనగానే నా ముక్కుకు ముందుగా తగిలేది ఆ వాసనే.

ఆయన చదివేవారు, మా నాయన వ్యాఖ్యానించేవారు. సాయిబు గారి చదువు వీథిబడితో ఆగిపోయినా, చెవితో పట్టుకున్న పద్యాలు వందలు. తప్పు చదివినా రాగం తప్పేవారు కాదు. మా నాయన కళ్లు మూసుకొని, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టుకుంటూ వినేవారు. ఏ దేశం మీదికి ఏ దేశపు సైన్యం కదిలినా, ఆయన మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: “ఏ పేరు చెప్పి దిగారు సాయిబూ?” సాయిబు గారు వెతికి చెప్పేవారు, శాంతి అనో, రక్షణ అనో. “ఎన్నడైనా దోపిడి అని చెప్పి దిగినవాడు ఉన్నాడా చూడు,” అని మా నాయన కళ్లు తెరిచేవారు. లోపలి నుంచి మా అమ్మ, “ఆ దిగినవాళ్ల సంగతి తరవాత, మీరు అరుగు దిగి కాళ్లు కడుక్కోండి,” అని కేకేసేది.

ఆ రోజుల్లోనే దూరాన అరబ్బు దేశాల వైపు యుద్ధం రేగింది. పెద్ద దేశాలు తమ పక్షాలు తాము చూసుకొని ఆయుధాలు దింపాయి, నడిసముద్రంలో ఓడలు నిలిపాయి. పత్రికలో వేలెడంత వార్తగా మొదలైనది చూస్తూ ఉండగానే మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. అంతకు కొద్దికాలం ముందే మా అమ్మ ముచ్చటపడి ఒత్తుల స్టవ్వు కొనిపించుకున్నది. కట్టెల పొగకు కళ్లు మండే బాధ తీరిందని, దానిని పసుపు కుంకుమలతో పూజించినంత పని చేసింది. ఇప్పుడు ధర పెరిగింది. పెరిగిన ధరకైనా సరుకు లేదు. స్టవ్వు అటక ఎక్కింది. మళ్లీ సరుగుడు తోపులలో రాలిన పుల్లలు ఏరుకొచ్చి, ఊదుగొట్టంతో ఊది, ముక్కు తుడుచుకుంటూ మా అమ్మ అన్నది: “వాళ్లు వాళ్లు కాల్చుకుంటే పొగ నా కళ్లలోకి వచ్చిందేందమ్మా!” యుద్ధనీతి మీద తరువాత నేను చదివిన గ్రంథాలలో ఇంతకంటె సూటిగా చెప్పిన వాక్యం నాకు తారసపడలేదు.

డిపో ముందు డబ్బాలు వరుసలో నిలిచేవి, మనుషులు వేపచెట్టు నీడలో కూర్చునేవారు. సరుకు రాని రోజున సాయిబు గారే వచ్చి ఒక్కొక్కరికీ చెప్పి పంపేవారు. దాచాడని అనేవాళ్లూ లేకపోలేదు. పక్క ఊరి డిపోవాడు నిజంగానే దాచి పట్టుబడితే, తహశీల్దారు గారు అక్కడికక్కడే లైసెన్సు రద్దు చేశారు. నవ్వని మనిషి, గొంతు దాకా బొత్తాలు పెట్టుకునే మనిషి అని ఆయన పేరు వింటేనే డిపోలవాళ్లు గతుక్కుమనేవారు. సాయిబు గారికి పిల్లలు ఎక్కువ. డిపో తప్ప మరొక ఆధారం లేదు.

ఏటా జరిగే అవధానం ఆ యేడు కూడా జరిగింది. ఎప్పుడూ పెట్రొమాక్సు దీపాల వెలుగులో రాత్రి పూట జరిగేది. ఆ యేడు దీపాలకు నూనె లేక బడి ఆవరణలో పట్టపగలే పెట్టుకున్నారు. తహశీల్దారు గారికి పద్యమంటే ప్రీతి అని తెలిసి ఆయననే అధ్యక్షులుగా పిలిచారు. ఆయన అధ్యక్షతతో పాటు సమస్య ఇచ్చే పృచ్ఛక స్థానం కూడా అడిగి తీసుకున్నారు. ఎండ నేరుగా ఆయన ముఖాన పడుతున్నది. దీపాల వెలుగైతే పెద్దల ముఖాలలో ఏమున్నదో వెనక వరుసలకు తెలిసేది కాదు. ఆనాడు ఊరంతటికీ తెలిసింది.

మిగిలిన పృచ్ఛకులకు కుర్చీలు వేశారు. సాయిబు గారు మాత్రం తన డిపో నుంచి ఖాళీ డబ్బా ఒకటి తెచ్చుకొని, బోర్లించి, దాని మీద కూర్చున్నారు. సభ మొదలు కాకముందే సగం మంది నవ్వారు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చొప్పున మా నాయన పద్యాలు అల్లుకుంటూ పోతున్నారు. ఇటునుంచి సాయిబు గారు దోమల గురించి, కొత్త అల్లుడి అలక గురించి అడుగుతూ, ఇచ్చిన చమత్కారానికి “భేష్” అని తలపంకిస్తున్నారు. తహశీల్దారు గారి సమస్యలో రెండవ పాదం ముగిసింది. అప్పుడు సాయిబు గారు డబ్బా మీద వేళ్లతో టంగుటంగుమని వాయించి అన్నారు:

“అవధాని గారూ, నాకొక సందేహం. ఇద్దరు గట్టు తగాదా పడుతుంటే, ఎక్కడో ఆమడ దూరాన ఉండే ఆసామి తుపాకి భుజానేసుకొని వాళ్ల పొలంలో దిగినాడు. తగువు తీర్చేదానికా, బావిలో నూనె చూసుకునేదానికా?”

సభ గొల్లుమన్నది. ఆయన ఆగలేదు.

“ఆ తగువు పేరు చెప్పి మన కిరసనాయిలు ధర మిద్దెక్కింది. ఎక్కేటప్పుడు యుద్ధం చెయ్యి పట్టుకొని ఎక్కించింది. రేపు వాళ్లు వాళ్లు రాజీ అయితే, దిగేదానికి చెయ్యి ఎవరు పట్టుకోవాల?”

ఇక్కడ అవధాని చేయవలసినది ఒక్కటే: ఒక చమత్కారంతో ప్రశ్నను పక్కకు నెట్టి, తన పద్యాల వైపు తిరగడం. మా నాయన అది చేయలేదు. ఎన్నాళ్లుగా అరుగు మీద పేరుకున్న మాటలేమో, మా అమ్మ కళ్లలోని పొగేమో, ఒక్కసారిగా ఆయన గొంతులోకి వచ్చి, అప్రస్తుతానికి నిండు పద్యంతో, అదీ నవ్వులేని పద్యంతో జవాబు చెప్పారు. పద్యం నాకు గుర్తు లేదు, భావం గుర్తున్నది. పరుల ఇంటికి నిప్పు పెట్టిన బలవంతుణ్ణి ప్రశ్నించలేని ప్రభుత్వం, ఆ నిప్పు సెగను ప్రజల పొయ్యికి పన్నుగా వేసి, దానికి విధి అని పేరు పెట్టిందని. వెనక నిలబడ్డ చేపలవాళ్లు ఈలలు వేశారు. అధ్యక్షస్థానంలో తహశీల్దారు గారి ముఖం, ఎండలో, కదలలేదు.

ఆ తరువాత జరిగినది నేను అంతకు ముందు ఎన్నడూ చూడనిది. చివర ధారణ వేళ మా నాయన అన్ని పద్యాలూ అప్పగించి, తహశీల్దారు గారి సమస్య దగ్గరకు వచ్చేసరికి రెండవ పాదం మరిచిపోయారు. కళ్లు మూసుకున్నారు, కణుపులు లెక్కించారు, గాలిలో వేలితో రాశారు. రాలేదు. అధికారి లేచి, ఉపన్యాసమైనా చేయకుండా, “సెలవు” అని జీపెక్కి వెళ్లిపోయారు. పొద్దు కుంకకముందే బంట్రోతు సైకిలు మీద తిరిగి వచ్చి డిపో దగ్గర కబురు చెప్పాడు: రేపు పొద్దున మస్తాన్ సాయిబు ఆఫీసుకు రావాలి.

లైసెన్సు పోయిందని ఊరు తీర్మానించింది. సాయిబు గారి భార్య చిన్నపిల్ల మాబున్నిని చంకనేసుకొని పెరటి దారిన వచ్చి మా అమ్మ పక్కన కూర్చుంది. ఏడవలేదు, చీర కొంగు మడతలు పెడుతూ ఉండిపోయింది. మా అమ్మే మా నాయన మీద విరుచుకుపడింది: “అడిగినాయన ఎగతాళికి అడిగినాడు. చెప్పినాయనే నిజంగా చెప్పినారు. మీ పద్యానికి ఆ యమ్మ పొయ్యి ఆరిపోవాల్నా?” సాయిబు గారే సర్దిచెప్పారు: “నూనె లేని డిపోకు లైసెన్సు ఉంటే ఏంది, లేకుంటే ఏందమ్మా. దాన్ని ఇచ్చేసి, ఆ డబ్బా వాయించుకుంటా అయ్యవారి ఎంబడి సభలు తిరుగుతా.” ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఆయన మాటకు నవ్వు పుట్టకపోవడం కూడా నేను అప్పుడే మొదటిసారి చూశాను.

మరునాడు పట్నం బస్సులో ముగ్గురం వెళ్లాము. నేను అక్కడి ప్రాచ్య కళాశాలలో చదువుతున్నాను గనుక అదే బస్సు. కాని ఆనాడు కళాశాల వైపు కాలు సాగక తాలూకా ఆఫీసు వసారాలో వాళ్ల వెనక నిలబడ్డాను. సాయిబు గారు లైసెన్సు కాగితం మడిచి పై జేబులో పెట్టుకొని వచ్చారు, అడగకముందే ఇచ్చేయాలని. తహశీల్దారు గారు తల ఎత్తారు.

“నిన్న సభ చెడగొట్టింది మీరే గదా?”

మా నాయన ముందుకు జరిగారు. “ఆయన ధర్మం ఆయన నెరవేర్చాడు. అప్రస్తుతాన్ని ప్రస్తుతం చేసినవాణ్ణి నేను. చర్య ఏదైనా నా మీదనే తీసుకోండి.”

“మీ మీదనే అవధాని గారూ, మరెవరి మీద! నా సమస్య ఎక్కడ? నెలరోజులు ఆలోచించి కట్టుకున్న సమస్య. ఇంట్లో మా ఆవిడకు వినిపిద్దామంటే మూడు కాళ్ల మంచంలాగా ఉంది మీ పూరణ. ఈయన ఆ టైములో డబ్బా వాయించి ఉండకపోతే మీరు మరిచేవారా?”

సాయిబు గారు మెల్లగా, “మరి... లైసెన్సు...” అన్నారు.

“లైసెన్సు మాట ఎవరెత్తారు?”

“ఎవరూ ఎత్తలేదండయ్యా. మేమే జేబులో పెట్టుకొని మోసుకొచ్చినాం.”

అప్పుడు నవ్వాడు ఆ నవ్వని మనిషి. గుమాస్తాలు కలాలు ఆపి తొంగి చూశారు. ఆయన కుర్చీ వెనక్కి జరిపి, ఒక స్టూలు తెప్పించి సాయిబు గారిని కూర్చోబెట్టారు. “ఎక్కడ తెగిందో అక్కడి నుంచే అతకాలి. మీరు మళ్లీ ఆ ప్రశ్నే అడగండి. అవధాని గారు ఈసారి అవధానిలాగా జవాబు చెప్పి, నా రెండో పాదం నాకు అప్పగించాలి.” మా నాయన సందేహించారు, అది ప్రభుత్వ కార్యాలయం గదా అన్నారు. “అప్రస్తుత ప్రసంగానికి ఆఫీసులో దస్త్రం లేదండీ,” అన్నారాయన. గొంతు తగ్గించి, “ఆ ప్రశ్న పైవాళ్లను అడిగే పీట నాకు లేదు. ఆయనకు ఉంది. అడగనివ్వండి,” అన్నారు.

సాయిబు గారు గొంతు సవరించుకొని, డబ్బా లేదు గనుక స్టూలు అంచున వేళ్లు వాయించి, ఒక్క మాట తగ్గించకుండా మళ్లీ అడిగారు: ఎక్కేటప్పుడు యుద్ధం చెయ్యి పట్టుకుంది, దిగేదానికి ఎవరు పట్టుకోవాల? మా నాయన ఈసారి నవ్వారు. “ధర దిగనంటే బలవంతపెట్టకు సాయిబూ, దానికి కళ్లు తిరుగుతున్నాయేమో. ఎక్కించినవాళ్లను దించుదాం. నిచ్చెన మన దగ్గరే ఉంది; ఓట్ల నాడు గోడకు ఆనిద్దాం.” గుమాస్తాలు అధికారి ముఖం చూశారు, ఆయన బల్ల చరిచి నవ్విన తరువాతనే వాళ్లు నవ్వారు. ఆ నవ్వులోనే మా నాయన కళ్లు మూసుకొని నాలుగు పాదాలూ ఏకధాటిగా అప్పగించారు. రెండవ పాదం దగ్గర తహశీల్దారు గారి పెదవులు ఆయనతో పాటు కదిలాయి.

ఆలోచిస్తే, ముందునాటి గంభీర పద్యం కంటె ఆఫీసులోని ఈ నవ్వులోనే పదును ఎక్కువ. కాని నవ్వుకు అవధాన సంప్రదాయం గొడుగు పట్టింది. తిరుగు బస్సులో సాయిబు గారు దారి పొడుగునా ఏదో పద్యం పాడుతూనే ఉన్నారు. ఊళ్లో దిగేసరికి మా అమ్మా, సాయిబు గారి భార్యా మా గడపలోనే ఉన్నారు. ఆయన దూరం నుంచే జేబులోని కాగితం తీసి, ఊపి చూపించారు. ఆయన భార్య అప్పుడు ఏడ్చింది.

కిరసనాయిలు ధర మాత్రం దిగలేదు. యుద్ధం ఆగింది, ఓడలు మరలిపోయాయి, ధర మిద్దె మీదనే కాపురం పెట్టింది. ఆ తరువాత నా జీవితకాలంలో అదే సముద్రం మీదికి ఎన్నిసార్లు పరాయి సైన్యాలు వచ్చాయో, వచ్చిన ప్రతిసారీ ఏ ధర్మం పేరు చెప్పాయో, మనలను ఏలినవారు ఏ పార్టీవారైనా ఎంత అనుకూలంగా మౌనం వహించి, ఎంత చురుకుగా ధర పెంచారో చూస్తూనే వచ్చాను. చమురు చౌకగా ఉన్ననాడు ఆ లాభం మన వంటింటి దాకా రావడానికి దారి తెలియదు. ప్రియమైననాడు మాత్రం నిద్రలోనైనా దారి తప్పదు. ఈ విషయంలో అప్పటికీ ఇప్పటికీ భేదం కనిపించదు. పొగ లేదు, గ్యాసు వచ్చింది, నా కోడలికి ఊదుగొట్టమంటే తెలియదు. ఇవి సుఖాలే, కాదనను. భేదమల్లా మరొకచోట ఉన్నది. ఆనాడు ప్రశ్న అడిగినవాడికి ఒక పీట ఉండేది. ఆ పీట మర్యాద అధికారికీ తెలుసు, ఈల వేసినవాడికీ తెలుసు. ఇప్పుడు ఉన్నదో లేదో అని మాబున్ని భయం. ఆ భయాన్ని నేను తీసిపారేయలేను. కాని కూర్చునేవాణ్ణి లేపేస్తే పీట ఉన్నదో లేదో ఎన్నటికీ తెలియదు గదా.

ఆ మాటే ఆమెకు ఫోనులో చెప్పాను. “నేను అధ్యక్షస్థానంలో ఉంటాను. వాడి మాటకు ముందు నా మాట ఉంటుంది, వెనకా నా మాట ఉంటుంది. కోసేవాళ్లు నన్ను కోసిన తరువాతనే వాణ్ణి కోయాలి.” “నీ ఇష్టం అక్కా. సభ అయినాక నేరుగా ఇంటికి పంపించు,” అన్నది.

నాయుడుపేట సభ ఒక ఆదివారం ఉదయం జరిగింది. అవధాని ఒక యువతి, పాఠశాలలో లెక్కలు చెబుతుందట. నేను తొలిపలుకులలోనే అప్రస్తుత ప్రసంగికి సంప్రదాయం ఇచ్చిన స్వేచ్ఛను వివరించి, ఆ పీట మీది మాటను ఆ పీట మీదనే వదలాలని, ఇది మన పెద్దల మర్యాద అని చెప్పాను. ఖాజా ఖాళీ డీజిలు క్యాను ఒకటి పట్టుకొని వచ్చాడు. వాడు దానిని పక్కన పెట్టుకొని, వేళ్లతో వాయించి అడిగాడు:

“అవధానమ్మా, ఎవురో విమానమెక్కి ఎవురి మీదనో బాంబు వేస్తే, రేవులో మా బోటు కూలబడిందేంది? ఆ విమానానికి డీజిలు మేమేమన్నా పోస్తావుండామా?”

చేతులలో ఫోన్లు లేచాయి. నేను ఆ ఫోన్లనే చూస్తున్నాను. ఆ పిల్ల ఒక్క రెప్పపాటు ఆగి, “పోస్తూనే ఉన్నాం అన్నా. బిల్లు మీ పేరున వస్తుంది, విమానం వాళ్ల పేరున ఎగురుతుంది. మీరు వల వేయడం మానొద్దు; ఈసారి పైకి వేసి చూడండి, ఏమన్నా పడుతుందేమో!” అని తన పద్యంలోకి వెళ్లిపోయింది. మండపమంతా నవ్వు. ముందు వరుసలో కూర్చున్న ఒక ప్రభుత్వాధికారీ, వెనక గోడకు ఆనుకున్న కుర్రకారూ ఒకే నవ్వు నవ్వారు. ఒక్క గొంతు కూడా అడ్డంగా లేవలేదు. ధారణలో ఆమె ఒక్క పాదమైనా మరవలేదు.

ఆ వీడియో బయటికి వచ్చింది. ముందూ వెనకా కోయలేదు. ప్రశ్నా జవాబూ నవ్వూ అన్నీ అందులో ఉన్నాయి. రేవులో ఒడ్డున కట్టిన బోట్ల మీద కూర్చొని చేపలవాళ్లు మళ్లీ మళ్లీ పెట్టుకొని చూస్తున్నారట. డీజిలు ధర ఎప్పటివలెనే ఉన్నది.

సభ జరిగిన ఆనాడు నేను ఇల్లు చేరి, చెప్పులు విడవకుండానే కుర్చీలో కూర్చుని, ఫోను ఒళ్లో పెట్టుకొని ఎదురుచూశాను. పొద్దు వాలకముందే మోగింది. మాబున్ని “అక్కా” అనలేదు, కుశలమూ అడగలేదు. వెనక కంచం శబ్దం, ఎవరో పిల్లల నవ్వు.

“వచ్చినాడు,” అన్నది. “అన్నం తింటావుండాడు.”